మందు ఎక్కడిదాకా వెళ్ళింది?

పెదనాన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాథాలజిస్టుగా పనిచేసి, రిటైరయ్యాక సొంత ఊరు నేలకొండపల్లికి వచ్చేశారు. ఆయన తమ్ముడి కూతురు హైదరాబాదులో మాస్ స్పెక్ట్రోమెట్రీ మీద పరిశోధన చేస్తోంది. ఆయన చేతిలో రంగులద్దిన కణజాలం, మైక్రోస్కోపు. ఆమె చేతిలో అదే కణజాలంలో ఏ చుక్క దగ్గర ఏ అణువులున్నాయో తూచి చెప్పే యంత్రం. సంక్రాంతికి ఆమె ఊరికి వచ్చినప్పుడు ఇద్దరికీ వాదన పడింది. వాళ్ళిద్దరికీ దగ్గరివాణ్ణి కనుక పక్కనే కూర్చుని విన్నాను. చెప్పాలనిపించిన చోట నా మాటా కలిపాను. చూడ్డానికి ఇది పెద్ద నగరాల సంగతిలా ఉంటుంది గానీ, భద్రాచలం అడవి అంచు దాకా దీనితో పని ఉందని నా గట్టి నమ్మకం.

పెదనాన్న: నీ ఫోన్‌లో చూపించిన బొమ్మలు కళ్ళకు ఇంపుగా ఉన్నాయమ్మా. ఒకచోట ఎరుపు, ఒకచోట పసుపు, చుట్టూ నీలం. అయితే ఆ రంగులేవీ కణజాలంలో లేవు, కంప్యూటరు వేసినవి. ఒక మనిషి ప్రాణం మీద మాట చెప్పాల్సినవాడు ఇలాంటి బొమ్మను నమ్మి చెప్పకూడదు.

అమ్మాయి: మీ స్లయిడు మీది ఊదా, గులాబీ రంగులు మాత్రం కణంలో ఉన్నాయా పెదనాన్నా? హెమటాక్సిలిన్, ఇయోసిన్ మీరు పోస్తేనే కదా వచ్చాయి. కేంద్రకం ఒకదాన్ని పట్టుకుంది, మిగతా కణం రెండోదాన్ని పట్టుకుంది. ఆ తేడాను బట్టి మీరు చదువుతారు. నేను రంగు పోయను. అక్కడున్న అణువునే లేపి తూస్తాను. బొమ్మలో రంగు ఆ తూకానికి గుర్తు, అంతే.

పెదనాన్న: తూస్తానంటున్నావు. ఎలా తూస్తావో మొదటినుంచి చెప్పు. పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా అర్థం కావాలి.

అమ్మాయి: కణజాలం ముక్కను గడ్డకట్టిస్తాం. క్రయోస్టాట్‌లో పెట్టి సుమారు 10 మైక్రాన్ల మందంతో పొర కోసి గాజు పలక మీద అంటిస్తాం. దాని మీద లేజరు కాంతిని పీల్చుకునే ఒక రసాయనాన్ని సన్నటి తుంపరగా చల్లుతాం. అది ఆరి స్ఫటికాలయ్యాక ఒక చుక్క మీద లేజరు కొడతాం. ఆ చుక్కలోని అణువులు విద్యుదావేశంతో పైకి లేస్తాయి. యంత్రం వాటిని లోపలికి లాక్కుని, ఆవేశాన్ని లెక్కలోకి తీసుకుని బరువులు చెబుతుంది. తర్వాత పలకను కొన్ని మైక్రాన్లు జరిపి పక్క చుక్క, ఆ తర్వాత దాని పక్కది. గళ్ళు గళ్ళుగా ముక్కంతా అయ్యేదాకా. ఒక్కో గడిలో వందల బరువులు నమోదవుతాయి. చివర్లో ఒక బరువును ఎంచుకుని, అది ఏ గడిలో ఎంత బలంగా వచ్చిందో గీయమంటే గీస్తుంది. ఇంకో బరువు ఎంచుకుంటే ఇంకో పటం. దీన్ని మాల్డీ ఇమేజింగ్ అంటాం. పెద్ద అణువులను విరగ్గొట్టకుండా లేజరుతో లేపవచ్చని చూపినందుకు జపాన్‌లోని షిమాడ్జు కంపెనీ ఇంజనీరు కోయిచి తనాకాకు 2002 రసాయనశాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది. కణజాలం మీద ఇలా పటాలు గీయవచ్చని 1997లో అమెరికాలో రిచర్డ్ కాప్రియోలి బృందం చూపింది.

పెదనాన్న: ఒకే బరువున్న అణువులు ఎన్నో ఉంటాయి కదా. అందులో నువ్వు చూసింది ఏదని చెబుతావు?

అమ్మాయి: అందుకే హై రిజల్యూషన్ కావాలి. నత్రజని, కార్బన్ మోనాక్సైడ్, ఇథిలీన్ మూడింటి బరువూ 28 అని కాలేజీలో చదువుకున్నాం. జాగ్రత్తగా తూస్తే నత్రజని 28.0061, కార్బన్ మోనాక్సైడ్ 27.9949, ఇథిలీన్ 28.0313. ముతక యంత్రానికి మూడూ ఒకటే. సూక్ష్మంగా తూచేదానికి మూడూ వేరు. మన ఖమ్మం మార్కెట్‌కు వచ్చే తేజ మిరపనే తీసుకోండి. మంట పుట్టించేవి అందులో ప్రధానంగా రెండు, కాప్సైసిన్, డైహైడ్రోకాప్సైసిన్. ఒక్కో ప్రోటాన్ అంటించుకుని యంత్రంలోకి వస్తే మొదటిది 306.206 దగ్గర, రెండోది 308.222 దగ్గర కనిపిస్తుంది. అయితే ప్రకృతిలోని కార్బన్‌లో కొద్ది భాగం బరువైన రకం. అలాంటి కార్బన్లు రెండు పడిన కాప్సైసిన్ 308.213 దగ్గరికి వస్తుంది. అంటే డైహైడ్రోకాప్సైసిన్ అనుకుని చూసేదానిలో కొంత కాప్సైసిన్ కలిసిపోతుంది. రెండింటి మధ్య దూరం 0.009. వాటిని విడదీయాలంటే యంత్రానికి సుమారు 35 వేల రిజల్యూషన్ ఉండాలి. ఆర్బిట్రాప్‌కు అది తేలిక. మధ్యలో కదురు ఆకారపు ఎలక్ట్రోడు, దాని చుట్టూ తిరుగుతూ అటూ ఇటూ ఊగే అయాన్లు. ఆ ఊగే వేగాన్ని కొలిచి బరువు లెక్కగడుతుంది. అలెగ్జాండర్ మకరోవ్ రూపొందించిన ఈ యంత్రం 2005లో మార్కెట్‌లోకి వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మిరపకాయ మంట గింజలో ఉందని మన వైపు గట్టిగా అంటారు. గింజల్ని పట్టుకుని ఉండే తెల్లటి పొరలో కాప్సైసిన్ తయారవుతుంది. గింజకు అంటిన మంట చాలావరకు ఆ పొర నుంచి వచ్చిందే. జపాన్ పరిశోధకులు కాయను అడ్డంగా కోసి మాస్ స్పెక్ట్రోమెట్రీతో పటం గీస్తే, ఆ పొర ఉన్న చోటే కాప్సైసిన్ వెలిగింది. కాయ మొత్తాన్ని దంచి పరీక్షకు పంపితే మంట ఎంతో తెలుస్తుంది, ఎక్కడిదో తెలియదు. పురుగుమందుల అవశేషాల సంగతీ ఇంతే. తోలు మీద ఉన్న మందు కడిగితే కొంతైనా పోతుంది. మొక్క పీల్చుకుని కండలోకి పంపిన మందు ఎంత కడిగినా పోదు. దంచిన పొడి ఈ రెండింటినీ వేరుచేసి చెప్పలేదు. తామర పురుగు దాడి తర్వాత మిరప మీద ఎన్ని రకాల మందులు కొట్టారో ఈ జిల్లా రైతుకు వేరే చెప్పాలా?

పెదనాన్న: సరే. గ్లూకోజ్, ఫ్రక్టోజ్, గాలక్టోజ్ మూడింటికీ సూత్రం ఒకటే, బరువు 180.0634. నీ యంత్రానికి లక్ష రిజల్యూషన్ ఉన్నా, పది లక్షలున్నా ఆ మూడూ ఒకటే కదా?

అమ్మాయి: ఒకటే. బరువు నుంచి సూత్రం వస్తుంది, నిర్మాణం రాదు. ఆ అణువును పట్టి విరగ్గొట్టి ముక్కలు చూడాలి, లేదా అయాన్ మొబిలిటీతో ఆకారాన్ని బట్టి వేరుచేయాలి. అదీ తేలకపోతే ‘హెక్సోజ్’ అని మాత్రమే రాయాలి. గ్లూకోజ్ అని రాయకూడదు. అలా రాసేవాళ్ళు ఉన్నారు, తప్పే.

పెదనాన్న: ఇంకోటి. బాగా వెలిగిన చోట అణువు ఎక్కువుందనే గ్యారంటీ కూడా లేదు. కొవ్వు ఎక్కువున్న చోట ఒక అణువు తేలిగ్గా లేస్తుంది, ఉప్పు ఎక్కువున్న చోట అణిగిపోతుంది. వెలుగును నేరుగా మోతాదుగా చదివితే రోగిని ముంచుతావు.

అమ్మాయి: నిజమే. అందుకే అదే అణువును, బరువైన ఐసోటోపుతో చేసినదాన్ని, తెలిసిన మోతాదులో ముక్క మీదే చల్లి దానితో పోల్చి లెక్కవేస్తాం. ఆ పని చేయని పటాన్ని నేనూ నమ్మను.

పెదనాన్న: ఇక వేగం చూద్దాం. కణం వెడల్పు 10, 20 మైక్రాన్లు. నేను మైక్రోస్కోపులో కణాన్ని చూస్తాను, దాని కేంద్రకాన్ని చూస్తాను, కేంద్రకం అంచు గరుకుగా ఉందా నునుపుగా ఉందా చూస్తాను. నీ గడి ఎంత?

అమ్మాయి: మాల్డీలో మామూలుగా 10 నుంచి 50 మైక్రాన్లు. 5 దాకా దిగినవాళ్ళున్నారు.

పెదనాన్న: ఒక సెంటీమీటరు పొడవు, అంతే వెడల్పున్న ముక్క తీసుకో. 50 మైక్రాన్ల గడి వేస్తే 40 వేల గళ్ళు. హై రిజల్యూషన్‌లో గడికి ఒక సెకను అనుకో. 11 గంటలు. కణం స్థాయికి దిగి 10 మైక్రాన్లు వేస్తే 10 లక్షల గళ్ళు. పదకొండున్నర రోజులు! ఆపరేషన్ బల్ల మీద మనిషిని పడుకోబెట్టి ఎంతసేపు ఆగమంటావు?

అమ్మాయి: ఆ లెక్క కాదనను. బరువులో సూక్ష్మత కావాలంటే ఒక్కో గడి దగ్గర ఎక్కువసేపు ఆగాలి. చోటులో సూక్ష్మత కావాలంటే ఎక్కువ గళ్ళు వేయాలి. రెండూ కావాలంటే రోజులు పడతాయి. టైమ్ ఆఫ్ ఫ్లైట్ యంత్రాలు సెకనుకు చాలా గళ్ళు దాటేస్తాయి గానీ బరువు అంత నిశితంగా చెప్పలేవు. కానీ సర్జన్‌కు 10 లక్షల గళ్ళు అక్కర్లేదు. కోసిన అంచు దగ్గర క్యాన్సర్ ఉందా లేదా, ఆ ఒక్క మాట చాలు. 2004లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో గ్రాహం కుక్స్ బృందం డెసీ అనే పద్ధతి తెచ్చింది. లేజరు లేదు, చల్లే రసాయనం లేదు, శూన్యం అక్కర్లేదు. ఆవేశం ఎక్కిన ద్రావకపు తుంపర కణజాలం మీద పడి చిందుతుంది, ఆ చిందులో అణువులు యంత్రంలోకి వెళ్తాయి. స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ జేర్ దగ్గర పనిచేసిన శిబ్‌దాస్ బెనర్జీ, అక్కడి సహచరులు ఈ పద్ధతితో 54 ప్రోస్టేట్ ముక్కలు చూసి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఆయన ఇప్పుడు తిరుపతి ఐసర్‌లో ఉన్నారు. కణజాలంలో జీవక్రియ అణువుల పటాలు గీసే పని మన తెలుగు నేల మీదే సాగుతోంది.

పెదనాన్న: ఆ పేపరు ఏం చెప్పింది?

అమ్మాయి: ప్రోస్టేట్ కణాలకు ఒక ప్రత్యేకత ఉంది. అవి జింకును పోగుచేసుకుంటాయి. ఆ జింకు సిట్రేటును కాల్చే ఎంజైమును ఆపేస్తుంది. అందుకని ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్‌లో సిట్రేటు నిండుగా ఉంటుంది. క్యాన్సర్ వస్తే కణం జింకును పోగొట్టుకుని సిట్రేటును కాల్చేస్తుంది. కాబట్టి గ్లూకోజు సంకేతాన్ని సిట్రేటు సంకేతంతో భాగిస్తే, 1 దాటితే క్యాన్సర్, 0.5 లోపుంటే మామూలు కణజాలం అని వాళ్ళకు తేలింది. ముక్క సిద్ధమయ్యాక ఈ నిష్పత్తికి ఒక నిమిషం చాలు. ఫ్రోజన్ సెక్షన్ కోసి, రంగు వేసి, మీరు చూసి చెప్పడానికి 20 నిమిషాలైనా పడుతుంది. మొత్తం అణువుల వివరాలు కలిపి చేసిన నమూనా, రోగికి ఒక తీర్పు చొప్పున చూస్తే, దాదాపు 90 శాతం సరిగ్గా చెప్పింది.

పెదనాన్న: మిగిలిన 10 శాతం ఎవరు? వాళ్ళకు ఏం చెబుతావు? 0.5కూ 1కీ మధ్య పడితే ఏం చేస్తావు? పైగా ఫ్రీజర్‌లో దాచిన ముక్కలు, 54. అది పరిశోధనకు సరిపోతుందమ్మా, ఆపరేషన్ థియేటర్‌కు చాలదు. గ్లూకోజు అన్నావు, ఇందాక హెక్సోజ్ అని రాయాలన్నావు.

అమ్మాయి: ఆ మధ్యలో పడినవి మీ దగ్గరికే రావాలి పెదనాన్నా. మిమ్మల్ని పక్కకు తప్పించడానికి ఈ యంత్రం కాదు. సరైన ద్రావకం వాడితే డెసీ కణజాలాన్ని చెడగొట్టదు. పటం గీశాక అదే పొరకు మీరు రంగు వేసి మైక్రోస్కోపు కింద చూడవచ్చు. నా పటం, మీ స్లయిడు ఒకదాని మీద ఒకటి పెట్టి చదవాలి.

(నా లెక్కలో ఈ పోటీలో పెదనాన్నదే పైచేయి. యంత్రం ఒక్కటే రోగనిర్ధారణ చేస్తుందని చెప్పేవారెవరైనా ఈ గళ్ళ లెక్కకు ముందు సమాధానం చెప్పాలి. అమ్మాయి ఒప్పుకోవడం బాగుంది.)

పెదనాన్న: ఇంకో సంగతి గుర్తుచేస్తాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే రంగు పద్ధతి కనిపెట్టాడు. మందు వేస్తే నీలిరంగు వస్తుంది, దాని గాఢతను బట్టి లెక్క. కండరపు రసంలో ఆ నీలం రావలసినంత త్వరగా రావడం లేదని గమనించి, అందరూ మామూలు ఫాస్ఫేటు అనుకుంటున్నది ఫాస్ఫోక్రియాటిన్ అని 1927లో తేల్చారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. ఒంట్లో ప్రతి కదలికకూ శక్తినిచ్చే పదార్థం. దాన్ని పట్టుకోవడానికి ఆయనకు కోట్ల యంత్రం ఏదీ అక్కర్లేదు. ఒక రంగు, ఒక కన్ను.

అమ్మాయి: సుబ్బారావుగారిని నేను మీకంటే ఎక్కువే పూజిస్తాను. కానీ ఆయన కండరాన్ని రసం తీశారు. రసంలో ఏముందో ఎవరూ చెప్పలేనంత కచ్చితంగా చెప్పారు. కండరంలో ఏ పోగు దగ్గర ఎంత ఉందో ఆ రసం నుంచి ఎవరూ చెప్పలేరు. మన ఊళ్ళో పురావస్తు శాఖ తవ్వకాల్లో మహాస్తూపంతో పాటు ఇటుక విహారాలు, బావులు, మట్టిబొమ్మలు, సున్నపురాతిలో చెక్కిన చిన్న స్తూపం దొరికాయి కదా. అన్నిటినీ బుట్టలో వేసి ఒకచోట పోస్తే ఏమేం ఉన్నాయో జాబితా రాయవచ్చు. ఏ పొరలో, ఏ గోడ పక్కన, దేని కింద దొరికిందో రాసుకోకపోతే ఆ ఊరి చరిత్ర రాయలేరు. కణజాలాన్ని నూరితే నాకు జాబితా మిగులుతుంది, తవ్విన చోటు పోతుంది.

పెదనాన్న: చోటు తెలిస్తే రోగికి ఏం ఒరిగింది? ఒక్క ఉదాహరణ చెప్పు. ప్రోస్టేట్ కాదు. భద్రాచలం వైపు గూడేల నుంచి దగ్గుకుంటూ వచ్చే మనిషికి పనికొచ్చేది చెప్పు.

అమ్మాయి: టీబీ.

ఆమె ఈ ఒక్క మాట అన్నాక ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. టీబీ స్లయిడ్లు చూడ్డంలోనే పెదనాన్న ఉద్యోగ జీవితం సగం గడిచింది.

అమ్మాయి: ఊపిరితిత్తిలో టీబీ గడ్డను మీరు నాకంటే బాగా ఎరుగుదురు. అంచున రోగనిరోధక కణాల గోడ. మధ్యలో చచ్చిన కణాల మెత్తటి ముద్ద. ఆ ముద్దలో రక్తనాళాలు ఉండవు. బ్యాక్టీరియా అక్కడ నెలల తరబడి దాక్కుంటుంది. మనం మింగించే మాత్ర రక్తంలో కలిసి, గోడ దాటి, ఆ ముద్ద లోపలికి పాకి వెళ్ళాలి. రోగి రక్తం తీసి చూస్తే మందు సరిపడా ఉంటుంది. గడ్డ మొత్తాన్ని నూరి కొలిచినా సరిపడా ఉన్నట్టే ఉంటుంది. లోపలిదాకా వెళ్ళిందో లేదో రెండూ చెప్పవు. బ్రెండన్ ప్రిడో, వెరోనిక్ డార్టోయిస్ బృందం ఆపరేషన్‌లో తీసిన టీబీ రోగుల ఊపిరితిత్తి ముక్కల్లో మందుల పటాలు గీసి 2015లో నేచర్ మెడిసిన్‌లో ప్రచురించింది. రిఫాంపిసిన్, పైరాజినమైడ్ ఆ ముద్ద దాకా చేరాయి. మాక్సిఫ్లాక్సాసిన్ అంచు కణాల్లో బాగా పేరుకుంది, మధ్యకు సరిగా చేరలేదు. సగటు తీస్తే అది గొప్పగా చేరినట్టు కనిపించే మందు! పటం గీస్తేనే లోపం బయటపడింది. అంతకు ముందు ఏడే, 2014లో, మాక్సిఫ్లాక్సాసిన్‌తో ఆరు నెలల చికిత్సను నాలుగు నెలలకు తగ్గించాలని చేసిన పెద్ద ట్రయల్ అనుకున్న ఫలితం ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో వెతికేవాళ్ళకు ఈ పటం ఒక కారణం చూపింది.

పెదనాన్న: 2021లో రిఫాపెంటీన్‌తో పాటు అదే మాక్సిఫ్లాక్సాసిన్ ఇచ్చి నాలుగు నెలల్లో నయం చేశారు. ఆ ట్రయల్ ఫలితం కూడా చదివాను. మరి నీ పటం మాట ఏమైంది?

అమ్మాయి: పటం తీర్పు చెప్పదు పెదనాన్నా. తీర్పు ట్రయల్ చెబుతుంది. ఏ మందు గోడ దగ్గర ఆగిపోతోంది, ఏది లోపలిదాకా వెళ్తోంది, ఏ రెండింటిని జోడిస్తే ఏ మూలా ఖాళీ లేకుండా పోతుంది అనేది పటం చెబుతుంది. అది తెలియకుండా మందుల జోడీలు ఎంచడం అంటే చీకట్లో చేయి చాపడమే. టీబీ అంటే ఆరు నెలల మాత్రలు. అందులో ఒక నెల తగ్గించగలిగినా గూడెంలో కూలికి వెళ్ళే మనిషికి ఎంత తేడా!

పెదనాన్న: అది బాగానే ఉంది. కానీ నా మాట కూడా విను. నువ్వు గడ్డ మధ్యకు మందు చేరిందా అని అడుగుతున్నావు. నేను గూడెం మధ్యకు మందు చేరిందా అని అడుగుతున్నాను. రెండో నెల కాస్త దగ్గు తగ్గగానే మాత్రలు మానేసేవాళ్ళు, వాగు పొంగితే రాలేనివాళ్ళు, కూలి పోతుందని రానివాళ్ళు. వాళ్ళకు రిఫాంపిసిన్ ముద్దలోకి పోతుందా లేదా అన్నది తర్వాతి మాట. నోటి క్యాన్సర్ చూడు. గుట్కా, ఖైనీ, చుట్ట. నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే తెల్లటి మచ్చ దశలోనే పట్టుకోవచ్చు. ఆ టార్చి పట్టుకునే మనిషి లేక, గడ్డ బయటికి కనిపించాక వస్తున్నారు. నీ యంత్రానికి పెట్టే కోట్లతో ఎంతమందిని ఆ టార్చితో పంపవచ్చో ఆలోచించు.

అమ్మాయి: దానికి నా దగ్గర జవాబు లేదు.

నా దగ్గరా లేదు. ఈ విషయంలో నేను పెదనాన్న వైపే. జిల్లా ఆసుపత్రిలో ఆర్బిట్రాప్ పెట్టమని ఎవరైనా అడిగితే వద్దనే చెబుతాను. దాన్ని నడిపే మనుషులు, చల్లటి గది, నిలకడైన కరెంటు, ఏటా నిర్వహణ ఖర్చు, ఇవన్నీ ఉన్న చోటే అది బతుకుతుంది. తార్నాకలో ఐఐసీటీ ఉంది, అక్కడ మాస్ స్పెక్ట్రోమెట్రీకి జాతీయ కేంద్రం ఉంది. పక్కనే సీసీఎంబీ ఉంది. నేలకొండపల్లి నుంచి సుమారు రెండు వందల కిలోమీటర్లు. యంత్రం అక్కడే ఉండనీ. మరి మన వైపు నుంచి ఏం వెళ్ళాలి? ఆ ప్రశ్న దగ్గరే వాదన మలుపు తిరిగింది.

పెదనాన్న: యంత్రం కొనమని నువ్వూ అనడం లేదు. అయితే నాలాంటివాడి నుంచి నీకేం కావాలి?

అమ్మాయి: ముక్క కావాలి. ఫార్మలిన్‌లో వేయని ముక్క.

పెదనాన్న: ఫార్మలిన్ లేకుండా ముక్క కుళ్ళిపోదా?

అమ్మాయి: గడ్డకట్టిస్తే కుళ్ళదు. మీరు ఫార్మలిన్‌లో వేస్తారు, తర్వాత ఆల్కహాల్, తర్వాత జైలీన్, చివరికి మైనం. ప్రోటీన్లు ఒకదానికొకటి ముడిపడి నిలబడతాయి కాబట్టి కణం ఆకారం చెక్కుచెదరదు. మీకు కావలసింది అదే. కానీ ఆ దారిలో కొవ్వులు జైలీన్‌తో కడుక్కుపోతాయి, చిన్న అణువులు చాలావరకు నీళ్ళలో, ఆల్కహాల్‌లో కరిగిపోతాయి. మీ మైనం బ్లాకుల్లో సిట్రేటు పటం నేను గీయలేను. ఆ బ్లాకులు పనికిరావని కాదు. ఎంజైముతో కోసి వాటిలో ప్రోటీన్లను, ప్రోటీన్లకు అంటిన చక్కెర గొలుసులను చూడవచ్చు, చూస్తున్నారు కూడా. కానీ మందు, కొవ్వు, జీవక్రియ అణువు కావాలంటే గడ్డకట్టిన ముక్కే దిక్కు. అదీ త్వరగా. కత్తి పడి రక్తం ఆగిన క్షణం నుంచి కణం తనలోని చక్కెరను, ఏటీపీని తినేయడం మొదలుపెడుతుంది. పావుగంట బల్ల మీద వదిలేసిన ముక్క రోగి సంగతి చెప్పదు, బల్ల సంగతి చెబుతుంది.

పెదనాన్న: గడ్డకట్టించడానికి ఏం కావాలి?

అమ్మాయి: ద్రవ నత్రజని. మైనస్ 196 డిగ్రీలు. ముక్కను నేరుగా ముంచితే పగుళ్ళు వస్తాయి కాబట్టి రేకు మీద పెట్టి పైన తేలించాలి. తర్వాత మైనస్ 80 ఫ్రీజర్. క్రయోస్టాట్‌లో మీరు వాడే ఓసీటీ జిగురు మాత్రం ముక్కకు అంటకూడదు. దాని పాలిమర్ యంత్రంలో నిండిపోయి మిగతా అణువుల్ని కనపడనివ్వదు.

పెదనాన్న: ద్రవ నత్రజని ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది?

అమ్మాయి: పశువుల ఆసుపత్రిలో.

ఇది విని నేను ఆశ్చర్యపోయాను, ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఎదకు వచ్చిన గేదెకు సూది వేయడానికి దున్నపోతు వీర్యం స్ట్రాలను ద్రవ నత్రజనిలోనే భద్రపరుస్తారు. గోపాలమిత్ర ఆ క్యాను బండికి కట్టుకుని ఊరూరా తిరుగుతాడు. క్యాను ఖాళీ కాకుండా నింపే ఏర్పాటు ఏళ్ళుగా నడుస్తోంది. పల్లె పశువు కోసం మైనస్ 196 డిగ్రీల గొలుసును తెగకుండా నిలిపిన వ్యవస్థకు, పల్లె మనిషి కణజాలం కోసం అలాంటిదే నిలపడం చేతకాని పని కాదు. ఎవరూ అడగలేదు, అంతే. ఖరీదైన యంత్రాల గురించి ఇంత చర్చ జరుగుతుంది, వాటికి అందాల్సిన ముక్క ఎక్కడ ఎలా చెడిపోతోందో ఎవరూ మాట్లాడరు. మన వైపు రోగుల ముక్కలు ఆ యంత్రాల దాకా వెళ్ళకపోతే, మన మిరపతోటల్లో మందు పీల్చినవారి కాలేయం గురించి, మన గూడేల్లో టీబీ గడ్డల గురించి వేరే దేశపు ముక్కలే మాట్లాడతాయి. 54 ముక్కల మీద పెదనాన్న పెట్టిన అభ్యంతరానికి విరుగుడు కూడా ఇదే: ఇంకా ముక్కలు, ఇంకా వేర్వేరు మనుషులవి.

పెదనాన్న: నేను ఒప్పుకుంటాను, కానీ ఊరికే కాదు. రోగికి వైద్యం చేయడానికి కావలసిన ముక్క ముందు నాది. చిన్న బయాప్సీ అయితే మొత్తం నాదే, నీకు ఒక్క పోగు కూడా ఇవ్వను. ఆపరేషన్‌లో పెద్ద ముక్క వచ్చినప్పుడు, నేను చూసుకున్నాక మిగిలితేనే నీకు. కత్తి పడిన సమయం, గడ్డకట్టించిన సమయం రెండూ కాగితం మీద ఉండాలి. దాని పక్క పొరకు రంగు వేసిన స్లయిడు నా సంతకంతో దానితో పాటే వెళ్ళాలి. స్లయిడు లేని పటాన్ని ఎవరూ చదవకూడదు.

అమ్మాయి: అన్నీ ఒప్పుకుంటాను.

పెదనాన్న: అసలుది ఇంకా ఉంది. ఆ ముక్క నీదీ కాదు, నాదీ కాదు. ఆ మనిషిది. వేలిముద్ర వేయించుకుని వదిలేస్తే కుదరదు. మనుషుల మీద పరిశోధనకు ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల్లో కణజాలం దాచడం గురించి కూడా ఉంది. కోయ మనిషైతే కోయ మాటలో చెప్పించు. ఎందుకు దాస్తున్నారో, ఎవరు చూస్తారో చెప్పించు. వద్దంటే వద్దే, వైద్యంలో పిసరంత తేడా రాకూడదు. ఏమైనా తేలితే ఆ ఊరికి తిరిగి వచ్చి చెప్పాలి.

అమ్మాయి: చెబుతాను పెదనాన్నా.

ఇది ఇద్దరి మధ్య ఇంట్లో ముగిసే మాట కాదు కనుక రాస్తున్నాను. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. రెండింటిలోనూ పాథాలజీ విభాగం ఉంటుంది, శస్త్రచికిత్స ఉంటుంది, రోగులు ఈ మైదానం నుంచీ ఆ అడవి నుంచీ వస్తారు. ఆ విభాగాల పెద్దలకు నా విన్నపం ఇది. ఒక మైనస్ 80 ఫ్రీజర్, ఒక ద్రవ నత్రజని క్యాను, రోగికి తన భాషలో అర్థమయ్యే ఒక అంగీకార పత్రం, పెదనాన్న పెట్టిన షరతులు. వీటితో మొదలుపెట్టండి. తొలి ముక్కలు హైదరాబాదుకో తిరుపతికో పంపండి.